కళ్ళబండి మెట్ల దగ్గర

నందిగామలో మధిర రోడ్డు మొదట్లో ఒక మోటార్ వైండింగ్ షాపు ఉండేది. బోర్డు మీద 'శాంతయ్య మోటార్ వర్క్స్' అని రాసి ఉన్నా, ఆ పేరుతో పిలిచినవాడు లేడు. బసవమ్మ షాపు అనే అందరూ అనేవాళ్ళు. తిట్ల షాపు అని కూడా అనేవాళ్ళు, కాకపోతే ఆమెకు వినపడనంత దూరం వెళ్ళాక.

ఎండాకాలం వచ్చిందంటే చాలు, రైతులు మాడిపోయిన మోటార్లను రిక్షాల మీదా ట్రాక్టర్ల మీదా వేసుకుని వచ్చేవాళ్ళు. బసవమ్మ మూత విప్పి, మాడు వాసన చూసి, ముందు మనిషిని ఉతికేది. ఆ తర్వాతే మోటారు సంగతి. "నీకు జరమొస్తే దుప్పటి కప్పుకుని పడుకుంటావుగా? అది పొద్దుట్నుంచీ మూలుగుతుంటే స్విచ్చి కట్టెయ్యడానికి నీకు చెయ్యి రాలేదా? నీ పెళ్ళాం మూలిగినా ఇంతేనా?" అనేది. రైతు తల గోక్కుంటూ నిలబడేవాడు. ఆ తిట్లు తిన్న మోటారు మళ్ళీ మూడు పంటల దాకా చెడదని అందరికీ తెలుసు. అందుకే జగ్గయ్యపేట నుంచి కూడా పని ఆమెను వెతుక్కుంటూ వచ్చేది.

పుట్టుకతో వచ్చిన కోపం కాదది. మొగుడు శాంతయ్య ఉన్నన్నాళ్ళూ ఆమె గొంతు పక్కింటికి వినపడేది కాదట. షాపు వెనక గదిలో కూర్చుని, చెయ్యి చూడకుండా రాగి తీగ చుట్టలు చుట్టుకుంటూ పోయేదట. తొంభై మూడు వేసవిలో శాంతయ్య ఒక రైతు చేలో మోటారు చూడటానికి వెళ్ళాడు. పైరున్న మడిలోకి చెప్పులతో దిగకూడదు కదా, గట్టు మీద విప్పి దిగాడు. బురద కాళ్ళతో ఇనప స్టార్టర్ పెట్టె మీద చెయ్యి వేశాడు. అంతే, మళ్ళీ లేవలేదు.

పెద్దకర్మ నాడు ఆ రైతు వచ్చి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఒక మాట అన్నాడు. "వారం బట్టీ ఆ పెట్టె ముట్టుకుంటే కొంచెం జివ్వుమంటానే ఉందమ్మా. చిన్న జివ్వే కదా, చెప్పేదేముందిలే అనుకున్నా."

చిన్న జివ్వు! ఆ ఒక్క మాటతో బసవమ్మలో ఏదో తెగిపోయింది. మొగుడు పోయినందుకు ఏడ్చిన ఏడుపు కొన్నాళ్ళకు ఆగింది గాని, ఈ మాట మీద పుట్టిన కోపం ఆగలేదు. తెలిసి కూడా నోరు విప్పనివాణ్ణి ఏం చెయ్యాలి? చట్టంలో దానికి శిక్ష లేదు. అందుకని ఆ శిక్షేదో తనే వేస్తున్నట్టు, షాపు మెట్లెక్కిన ప్రతివాణ్ణీ తిట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచీ కాళ్ళకు రబ్బరు చెప్పులు లేకుండా పనిలోకి దిగలేదు. చివరికి కొట్టులో అమ్మవారి పటానికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా చెప్పులు విప్పకపోతే ఎదురింటి వాళ్ళు నొచ్చుకున్నారు. "ఆవిడకి తెలుసులే నా సంగతి" అనేసింది.

ఇలాంటి బసవమ్మ చేతిలోకి కళ్ళబండి వచ్చి పడింది.

అది మొదట్లో సున్నపురాయి క్వారీలు వెతకడానికొచ్చిన సర్వేవాళ్ళ బండి. జీపు వెనక తగిలించుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కుపోయే ఇల్లు. లోపల రెండు మంచాలు, చేతులు కడుక్కునే సింకు, నేల కింద నీళ్ళ ట్యాంకు, ఆ నీళ్ళను తోడే చిన్న పంపు, బ్యాటరీ మీద వెలిగే దీపాలు. వాళ్ళ పని అయిపోయి బండిని అమ్మేస్తుంటే జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ కొన్నాడు. ఆయనకు రైసుమిల్లు ఉంది, కల్యాణమండపం ఉంది, ఆ రెండూ చాలవన్నట్టు ఒక ధర్మసంస్థకు అధ్యక్ష పదవి కూడా ఉంది. మంచాలు తీయించి కంటి డాక్టరుకు కుర్చీ, అద్దాల పెట్టె, ఫ్యాను, పెద్ద దీపాలు, వాటికోసం ఒక జనరేటర్ కూడా పెట్టించాడు. ఊరూరా తిప్పి పేదలకు కంటి పరీక్షలు చేయిస్తామన్నాడు, జనం దాన్ని కళ్ళబండి అన్నారు. మంచి పనే, కాదనడానికి లేదు. కానీ బండికి రంగులేయించినప్పుడు ఒక పక్కన వేదాద్రి నరసింహస్వామి బొమ్మ, ఇంకో పక్కన తన బొమ్మ వేయించాడు. స్వామి కంటే ఈయనే జానెడు పెద్దగా ఉన్నాడు. మిగిలిన చోటంతా దాతల పేర్లు.

పైన పటారం, లోన లొటారం. దాతల పేర్లు చెరిగిపోతే మర్నాడే పెయింటరు వచ్చేవాడు. పంపు ఆగిపోతే మాత్రం నెల తిరిగినా పట్టించుకునే నాథుడు లేడు.

బసవమ్మ అత్త కంటిలో పొర తీయించుకోవడానికి బెజవాడ తీసుకెళ్ళేవాళ్ళు లేక, కొన్నేళ్ళు గోడలు తడుముకుంటూ బతికి పోయింది. అందుకని బండి బాగోగులు చూడమని కబురొచ్చినప్పుడు ఆమె రెండో మాట మాట్లాడకుండా సంచి సర్దుకుంది. తిట్లు మాత్రం సంచిలోంచి తీసిపెట్టలేదు.

మొదటి రోజే పంపు విప్పి చూస్తే లోపల తెల్లగా గట్టిపడి ఉంది. జగ్గయ్యపేట చుట్టుపక్కల నీళ్ళు అలాంటివి. నేలంతా సున్నపురాయి కాబట్టి నీళ్ళలోనూ అదే. కాచిన గిన్నెలో పొర కడుతుంది, పైపులో పేరుకుంటుంది, పంపు రెక్కల్ని కదలనివ్వదు. కొత్త పంపు కొనాలన్నాడు ఎవరో. "కొంటావు, అది మళ్ళీ బిగుసుకుంటే ఇంకోటి కొంటావు, వాటన్నిటి మీదా పేర్లు రాయించుకుంటావు" అని కసిరి, పాత నల్ల చింతపండు తెప్పించింది. చిక్కగా పిసికి, వడగట్టి ట్యాంకులో పోసి నానబెట్టింది. తర్వాత పంపు తిప్పితే ముక్కలు ముక్కలుగా సున్నం వదిలి బయటికొచ్చింది. రెండు క్యాంపుల దాకా డాక్టరు చేతులు కడుక్కున్నప్పుడల్లా పులుసు వాసన వచ్చేది. జనం పులుసుబండి అని నవ్వారు. నవ్వితే నవ్వారు, నీళ్ళు మాత్రం ధారగా వచ్చాయి.

బ్యాటరీ సంగతి ఇంకో కథ. బండిని లాగే జీపు డ్రైవరు కొండలరావు చెడ్డవాడేం కాదు, బద్ధకస్తుడు. డిస్టిల్డ్ వాటర్ పొయ్యమంటే కుళాయి నీళ్ళు పోసి ఊరుకునేవాడు. దీపాలు గుడ్డివెలుగు వెలుగుతుంటే బల్బులు మార్చేవాడు. బసవమ్మ బల్బుల వంక చూడనైనా చూసేది కాదు. కరెంటు ఎక్కణ్ణుంచి బయల్దేరుతుందో అక్కడికి వెళ్ళి, బిగింపులు ఒక్కొక్కటే చేత్తో కదిపి చూసుకుంటూ బల్బు దాకా వచ్చేది. మధ్యలో ఎక్కడో ఒక చోట తుప్పో, వదులో తప్పకుండా దొరికేది. అప్పుడు కొండలరావుకు మూడేది. "కుళాయి నీళ్ళు పోస్తావా? దాని కడుపులో సున్నం కడితే నీ కడుపులో కట్టినట్టు కాదా? దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడతావేంరా, ఆ గుడ్డ ఇటివ్వు!" కొండలరావు గుడ్డ ఇచ్చి, అక్కా అక్కా అంటూ వెనకాలే తిరిగేవాడు. కానీ కాలక్రమాన వాడొకటి నేర్చుకున్నాడు. ఏదైనా పాడైతే బసవమ్మకు తెలియకుండా ఎలా నెట్టుకురావాలో.

రెండువేల రెండో సంవత్సరం, పెళ్ళిళ్ళ రోజులు. కృష్ణ ఒడ్డున చెవిటికల్లులో క్యాంపు పెట్టారు. అంతకు ముందు వేదాద్రిలోనూ మరో రెండు ఊళ్ళలోనూ జరిగాయి. చెవిటికల్లులో పొద్దున్నే మళ్ళీ పంపు ఆగిందని ఫోనొస్తే, బసవమ్మ కంచికచర్ల దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చింది. వచ్చీ రాగానే డాక్టరు భార్గవగారి కాళ్ళ దగ్గర, సింకు కింద దూరి పంపు విప్పుతూ కూర్చుంది. ఆయన కుర్రవాడు, నెమ్మదస్తుడు. బసవమ్మ గొణుగుడు వినపడనట్టు ముసలివాళ్ళ కళ్ళల్లోకి టార్చి వేసి చూసుకుంటున్నాడు.

పంపు బాగయింది. కానీ మెట్ల దగ్గర వరస కదలడం లేదు. లోపల కుర్చీ ఖాళీగా ఉంది, బయట చెయ్యేసి పట్టుకునే ఇనప కడ్డీని పట్టుకుని ముసలమ్మలు కదలకుండా నిలబడి ఉన్నారు. బసవమ్మ కొంగు దులుపుకుంటూ బయటికొచ్చింది.

"ఏంటి మామ్మా, పైకెక్కవేం? డాక్టరుగారు నీ కోసం ముహూర్తం పెట్టించుకోవాలా?"

వరస మొదట్లో ఉన్న సీతారావమ్మ కడ్డీ వదలకుండానే అంది. "ఉండమ్మాయ్, తొందరేంటి. కాస్త మోకాళ్ళకి పట్టనియ్యి."

"ఏం పట్టాలి?"

"కరెంటు. జివ్వుమని ఎక్కుతంది చూడు, హాయిగా ఉంది. వేదాద్రిలో మా ఆడపడుచు పట్టుకుందంట, నాలుగు రోజులు నొప్పి లేదంట. ఎనకాల ఉన్నారే ఆళ్ళలో సగం మందికి కళ్ళు బాగానే ఉన్నయ్యి. మోకాళ్ళకోసమే వచ్చారు."

బసవమ్మ గబుక్కున కడ్డీ మీద చెయ్యి వేసింది. ఏమీ లేదు. ఇంకో చెయ్యీ వేసింది. ఏమీ లేదు. ముసలావిడ కాళ్ళ వంక చూసింది. ఒట్టి కాళ్ళు. వెనకున్న వాళ్ళవీ అంతే. చెప్పులన్నీ పక్కన వరసగా విప్పి ఉన్నాయి. డాక్టరుగారు కూర్చునే చోటికి చెప్పులతో ఎక్కడం మర్యాద కాదని ఎవరూ చెప్పకుండానే విప్పేశారు. వాళ్ళు నిలబడిన చోటంతా చిత్తడిగా ఉంది.

సంచిలోంచి టెస్టర్ తీసి కడ్డీకి ఆనించింది. ఎర్రగా వెలిగింది.

ఇక వైరు ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకుంటూ బయల్దేరింది. కరెంటు స్తంభాల మీది లైనుకు కొక్కెం వేసి లాగిన ఒకే ఒక్క తీగ బండిలోకి వస్తోంది. రెండో తీగ లైనుకు పోవడం లేదు. మెట్ల పక్కన భూమిలో దిగ్గొట్టిన ఇనప రాడ్డుకు చుట్టి ఉంది. బండి ఒంటికి కట్టిన ఎర్తు తీగ కూడా అదే రాడ్డుకు చుట్టి ఉంది. అంటే బండిలో వెలిగే ప్రతి దీపం, తిరిగే ప్రతి ఫ్యాను తాగి వదిలిన కరెంటు ఆ రాడ్డు మీదుగా భూమిలోకి దిగుతోంది, దిగలేనిదంతా బండి ఇనప ఒంటికి ఎక్కుతోంది. నేల ఆరితే దీపాలు మసకబారుతున్నాయని కొండలరావు ఇంకో ఉపాయం చేశాడు. సింకు పైపు కోసి, చేతులు కడిగిన నీళ్ళు ఆ రాడ్డు మొదట్లోనే పడేట్టు తిప్పాడు. అందుకే చిత్తడి. ఇలాంటి తెలివితేటలకు మన ఊళ్ళల్లో కొదవ లేదు. వీటితోనే పొలాల్లో మనుషులు పోతున్నారు.

రాడ్డుకు చుట్టిన తీగను చెక్కముక్కతో కదిపింది. చిలుం పట్టి, చేత్తో మెలేసి వదిలేసిన ముడి. అది ఊడితే కరెంటు భూమిలోకి పోవడానికి దారి ఉండదు. మొత్తం కరెంటు కడ్డీలో ఉంటుంది, కడ్డీని పట్టుకుని ఒట్టి కాళ్ళతో ముసలమ్మలు ఉంటారు.

"కొండలరావూ!"

ఆ కేకకు జీపులో నిద్రపోతున్న కొండలరావు దిగి పరిగెత్తుకొచ్చాడు. "జనరేటర్ ఏమైందిరా?"

"మండపంలో ఉందక్కా. వరసగా పెళ్ళిళ్ళు గదా, ప్రెసిడెంటుగారు అక్కడ పెట్టించారు."

"ఎన్నాళ్ళ బట్టీ ఈ రాడ్డు ఆట?"

"వేదాద్రి కాణ్ణుంచి."

"జివ్వుమంటోందని తెలుసా నీకు?"

కొండలరావు నేల చూపులు చూశాడు. "తెలుసక్కా. చిన్న జివ్వే గదా అని..." తర్వాత, తిట్లు వచ్చి పడేలోపే చెప్పెయ్యాలన్నట్టు, "నీకు చెబితే తిడతావని చెప్పలా" అన్నాడు.

తిట్లు రాలేదు. మొదటిసారి రాలేదు. ఇంతకాలం ఆమె లోకాన్ని తిట్టింది ఎందుకు? ఎవడూ నోరు మూసుకుని ఊరుకోకూడదని. తిట్టీ తిట్టీ తన పక్కనుండేవాడి నోరే మూయించింది. దానికి తోడు తన కాళ్ళకు చెప్పులు. అన్ని క్యాంపులకూ తను ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్ళింది, ఆ కడ్డీ పట్టుకునే ఎక్కింది, దిగింది. తనను కాపాడుకోవడానికి తొడుక్కున్న చెప్పులే తనకు సంగతి తెలియనివ్వలేదు. కోపం ఎవరి మీదని చూపించాలో ఆమెకు తెలియలేదు.

పక్కన పడి ఉన్న వెదురు గెడ తీసుకుని, లైను మీది కొక్కేన్ని లాగి కింద పడేసింది.

ఫ్యాను ఆగింది. డాక్టరు తలుపు దగ్గరికొచ్చాడు. "కరెంటు పోయిందాండీ?"

"పోలేదు బాబూ, నేనే తీశా. బండి ఒళ్ళంతా కరెంటే."

"అదేంటండీ, పొద్దుట్నుంచీ నేను పదిసార్లు ఎక్కి దిగా. ఏమీ లేదే."

"మీకు బూట్లున్నాయి. నాకు చెప్పులున్నాయి. లేనిది వాళ్ళకే" అంది వరస వైపు చూపిస్తూ. డాక్టరు ముఖం పాలిపోయింది. ఒక్కొక్కళ్ళనే చెయ్యి పట్టుకుని అవతలికి జరిపాడు. ముసలమ్మలు గొడవకు దిగారు. వచ్చిన వైద్యం నోటిదాకా వచ్చి పోయిందని సీతారావమ్మ శాపనార్థాలు పెట్టింది.

సరిగ్గా అప్పుడే భవానీప్రసాద్ కారు వచ్చి ఆగింది. వెంట తెల్ల బట్టల పెద్దమనిషి ఒకాయన. కొత్త మిషను ఇప్పిస్తానన్న దాత. బండిని చూపించడానికి తీసుకొచ్చాడు. వస్తూనే చీకటి బండినీ గుంపునూ చూసి, దాత వంక ఒక నవ్వు నవ్వి, బసవమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏంటిది బసవమ్మా, ఆయన ముందు పరువు తీస్తావా? కొక్కెం వెయ్యించు."

"జనరేటర్ తెప్పించండి. లేదంటే లైన్‌మన్‌ని పిలిచి రెండు తీగలూ లైనుకే కలిపించండి. అప్పటిదాకా వెయ్యను."

"మండపంలో పెళ్ళి జరుగుతోంది. పీటల మీద జంటను చీకట్లో కూర్చోబెట్టమంటావా? ఇవాళ్టికి సర్దుకో. ఇన్ని రోజులు నడిచింది, ఎవరికేమైంది? ముసలాళ్ళు ఇష్టంగానే పట్టుకుంటున్నారుగా. ఏదో చిన్న..."

"ఆ మాట అనకండి!"

ఆ అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగారు. భవానీప్రసాద్ ముఖం ఎర్రబడింది. ఇంతమంది ముందు ఆయన మీద గొంతు లేపినవాళ్ళు లేరు. "నువ్వెవరివి ఆపడానికి? కొండలరావూ, గెడ తియ్యి. వెయ్యి కొక్కెం."

బసవమ్మ ఒక కాలి చెప్పు విప్పింది. రెండో కాలిదీ విప్పింది. శాంతయ్య పోయినప్పటి నుంచీ పని దగ్గర విప్పని చెప్పులు. చిత్తడిలోకి నడిచి, రాడ్డు పక్కనే, చీలమండల దాకా బురదలో నిలబడి, కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. భయం లేదంటే అబద్ధం. పట్టు మాత్రం వదల్లేదు.

"వెయ్యరా" అంది. "ఇప్పుడు వెయ్యి."

కొండలరావు గెడ ఎత్తాడు. కొక్కెం లైను దాకా పోలేదు, మధ్యలోనే ఊగింది. వాడు ఆమె కాళ్ళ వంక చూశాడు. గెడ కింద పడేసి, "నా వల్ల కాదండీ" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

భవానీప్రసాద్ విసురుగా వంగి గెడ తనే అందుకున్నాడు. అందుకున్నాడు గాని ఎత్తలేదు. దాత చూస్తున్నాడు. డాక్టరు చూస్తున్నాడు. వరసంతా చూస్తోంది. ఇందాకటి దాకా బసవమ్మను శపిస్తున్న సీతారావమ్మ ఒకసారి ఈయన చేతిలో గెడనూ, ఒకసారి ఆమె ఒట్టి కాళ్ళనూ చూసింది. ఆమెకు కళ్ళు మసకే గాని బుర్ర మసక కాదు.

"ఏమయ్యా, ఆగావేం?" అంది. "మేం పట్టుకున్నప్పుడు పొద్దుట్నుంచీ ఉంచావుగా. ఆ పిల్ల పట్టుకుంటే వెయ్యవేం?"

భవానీప్రసాద్ గెడను నెమ్మదిగా బండికి ఆనించాడు. అది తన బొమ్మకే ఆనిందని కూడా చూసుకోలేదు. "మండపానికి ఫోన్ చేసి జనరేటర్ తెప్పించు" అని ఎవరితోనో అని, కారెక్కి కూర్చున్నాడు. దాత మాత్రం కారెక్కలేదు. బూట్లు విప్పుదామా వద్దా అన్నట్టు కాసేపు నిలబడి, చివరికి విప్పకుండానే, కొక్కెం పడిపోయిన చోటికి వెళ్ళి తీగను చూస్తూ ఉండిపోయాడు.

జనరేటర్ వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. ఆ లోపు బసవమ్మ కొండలరావు చేత మెట్లకు దూరంగా ఇంకో చోట గుంట తవ్వించి, బండి ఒంటికి మాత్రమే వేరుగా ఎర్తు దించింది. జనరేటర్ నుంచి రెండు తీగలూ నేరుగా లోపలికి తీసుకుంది. సింకు పైపు అవతలి కాలవలోకి తిప్పించింది. మెట్ల ముందు చిత్తడి మీద పొడి మట్టి పోయించింది. పని చేస్తున్నంతసేపూ కొండలరావును ఒక్క మాట అనలేదు. వాడికి ఆ మౌనం తిట్ల కంటే కష్టంగా ఉంది కాబోలు, చివరికి తనే, "అక్కా, బ్యాటరీలో కూడా మొన్న కుళాయి నీళ్ళే పోశా" అని చెప్పేశాడు.

"మంచిపని చేశావు" అంది బసవమ్మ. "చెప్పినందుకు. పోసినందుకు తర్వాత చెప్తా నీ పని."

జనరేటర్ మోత మొదలైంది. లోపల దీపాలు తెల్లగా వెలిగాయి. బసవమ్మ ఒట్టి కాళ్ళతోనే కడ్డీకి టెస్టర్ ఆనించింది, వెలగలేదు. చేత్తో పట్టుకుంది. చల్లటి ఇనుము, అంతే. అప్పుడు గాని చెప్పుల కోసం వెతుక్కోలేదు.

మళ్ళీ వరస కట్టారు. అందరికంటే ముందు సీతారావమ్మే వచ్చి కడ్డీ పట్టుకుంది. ఒక చేత్తో పట్టుకుంది, రెండు చేతులా పట్టుకుంది, కాళ్ళు మార్చి నిలబడి చూసింది. ముఖం మాడ్చుకుని బసవమ్మ వైపు తిరిగింది.

"ఏం చేశావే అమ్మాయ్? దీని పానం పోయిందే!"

"పోనియ్యి మామ్మా" అంది బసవమ్మ. "ఈసారి దానిదే పోయింది."